6 కుటుంబాలు, 14 ఎకరాలు: ఏ యంత్రం కొనాలి, ఏది బాడుగకు తెచ్చుకోవాలి?

హెబ్బాళ_మడక

బాగేపల్లి, గోరంట్ల మధ్య మా బంధువుల ఆరు కుటుంబాలకు కలిపి 14 ఎకరాలు. 7 ఎకరాలు వర్షాధారం వేరుశనగ, అందులోనే కంది సాళ్లు. 3 ఎకరాలు రాగి. బోరు కింద రెండున్నర ఎకరాల మల్బరీ, ఎకరన్నర టమాట. ఎద్దులు ఎవరికీ లేవు, పాడి ఆవులు మాత్రం అందరికీ ఉన్నాయి. కలుపుకు అదనులో మనుషులు దొరకడం లేదు. బెంగళూరులో ఉన్నవాళ్లం కలిసి లక్షన్నర దాకా సర్దగలం. పవర్ వీడర్ (కలుపు తీసేది), పవర్ టిల్లర్ (దున్నేది), సీడ్ డ్రిల్ (విత్తే గొర్రు) మూడింటి పేర్లూ వినిపిస్తున్నాయి. ఏది కొనాలి, ఏది బాడుగకు? దయచేసి లెక్కతో చెప్పండి.

లెక్కలపుస్తకం

మడక గారూ, ముందు సాళ్ల ఎడం చూడండి, తర్వాతే యంత్రం. 7 హెచ్‌పీ పెట్రోల్ వీడర్ కోత వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. వేరుశనగ సాలు 30 సెంటీమీటర్లు, రాగి కూడా అంతే. అంటే మీ 14 ఎకరాల్లో 10 ఎకరాలకు ఆ వీడర్ కలుపు తీయడానికి దిగదు. మిగిలేది మల్బరీ, టమాట.

ఇప్పుడు గంటలు. మల్బరీ జంట సాళ్లలో (90+150 సెంటీమీటర్లు) ఉందనుకుంటున్నా. ఎకరం 4,047 చదరపు మీటర్లు, దాన్ని 2.4 మీటర్లతో భాగిస్తే సుమారు 1,690 మీటర్ల వెడల్పు సందు, అంతే పొడవు ఇరుకు సందు. వెడల్పు సందులో రెండుసార్లు, ఇరుకు సందులో ఒకసారి పోవాలి. మొత్తం 5 కిలోమీటర్ల పైచిలుకు నడక. గంటకు 2 కిలోమీటర్ల వేగం, మలుపులకూ ఆపడాలకూ 30 శాతం పోగా, ఎకరాకు 3.6 గంటలు. ఏడాదికి 5 పంటలు, ప్రతి కొమ్మకోత తర్వాత ఒక పాటు (తోటంతా వీడర్ ఒకసారి తిప్పడం). 2.5 × 5 × 3.6 = 45 గంటలు. టమాట 120 సెంటీమీటర్ల సాళ్లయితే పాటుకు ఎకరాకు 2.4 గంటలు. కర్రలు పాతకముందు రెండు పాట్లు, ఏడాదికి రెండు పంటలు అనుకుంటే ఎకరన్నరకు 14 గంటలు. మొత్తం దాదాపు 60 గంటలు.

వీడర్ ధర 60,000 అనుకుందాం. 8 ఏళ్లు వాడి చివర 6,000కు అమ్మితే అరుగుదల ఏడాదికి 6,750. సగటు విలువ 33,000 మీద 12 శాతం వడ్డీ 3,960. రిపేర్లకు 3,000. నడిపినా నడపకపోయినా ఏడాదికి 13,710 పోతుంది. నడిపితే గంటకు 1.2 లీటర్ల పెట్రోలు, లీటరు 100 చొప్పున 120. తోలే మనిషికి గంటకు 100. మీ ఊళ్లో మనిషి, పెట్రోలు కలిపి బాడుగ గంటకు 400 అయితే, సొంత యంత్రం మీద గంటకు మిగిలేది 180. 13,710ని 180తో భాగిస్తే 76 గంటలు. మీకున్నవి 60.

కాబట్టి పొరుగు మల్బరీ ఇంకో ఎకరం ఒప్పుకుంటే (ఏడాదికి 18 గంటలు) లెక్క సరిపోతుంది, లేకపోతే బాడుగే నయం. ధర, బాడుగ, కూలి ఈ మూడూ మీ ఊరివి పెట్టి మళ్లీ వేయండి. పద్ధతి మారదు.

హెబ్బాళ_మడక

ఇంత వివరంగా వేసినందుకు చాలా సంతోషం. సగం రాయితీ వస్తే?

లెక్కలపుస్తకం

చేతినుంచి పెట్టేది 30,000 అయితే అరుగుదల 3,000, వడ్డీ 2,160, రిపేర్లు అంతే 3,000. మొత్తం 8,160. అప్పుడు 45 గంటలకే సరిపోతుంది. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ ఉప మిషన్ కింద చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం. అయితే యంత్రాన్ని బట్టి గరిష్ఠ పరిమితి ఉంటుంది. పొలం ఏ రాష్ట్రంలో ఉంటే దరఖాస్తు అక్కడే. గోరంట్ల వైపు సర్వే నంబరుతో చిక్కబళ్లాపురంలో అడిగితే ఇవ్వరు, కాబట్టి ఎవరి పేరు మీద తీసుకోవాలో ముందే తేల్చుకోండి. రాయితీ పోగా కట్టేది ఎంత, అదే మోడల్ బయట నగదుకు ఎంత, రెండూ కనుక్కున్నాకే సంతకం పెట్టండి.

అనంత_గొర్రు

వీడర్ సంగతి అట్లుంచండి. మీకు అసలు కష్టం వేరుశనగ విత్తే కాడ వస్తాది.

ఎర్రనేలలో వాన పడినాక పదును, అంటే విత్తనానికి చాలినంత తడి, మూడు నాలుగు దినాలు, ఎండ కాస్తే ఇంకా తక్కువ. ఆ దినాల్లోనే మండలమంతా విత్తాల. బాడుగ కేంద్రంలో ఉండే గొర్రు మొదట పెద్ద కమతానికి పోతాది, ఎందుకంటే తోలేవానికి ఒకేచోట పది ఎకరాలు దొరుకుతాది. ఎకరా, ఎకరన్నర వాడి వంతు వచ్చేసరికి పైన రెండంగుళాలు ఆరిపోయి ఉంటాది. కర్ణాటకలో హోబళి హోబళికీ (తాలూకాలో కొన్ని ఊర్ల విభాగం) కృషి యంత్రధారె అని బాడుగ కేంద్రాలు పెట్టినారు, మంచి పనే. కానీ అందరికీ ఒకే వారంలో కావలసిన పనిముట్టును ఏ కేంద్రమూ అందరికీ ఇయ్యలేదు. అందుకే నా మాట ఇది: ట్రాక్టరు బాడుగకు, గొర్రు సొంతం. ట్రాక్టర్లు ఊర్లో నాలుగైదు ఉంటాయి, దానికి తగిలించే గొర్రు ఒకటో రెండో ఉంటాయి.

8 సాళ్ల ట్రాక్టరు గొర్రు, 30 సెంటీమీటర్ల ఎడం, అంటే 2.4 మీటర్ల వెడల్పు. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో, మలుపులు, విత్తనం పోసుకోవడం పోగా గంటకు ఎకరన్నర. మీ 7 ఎకరాలు ఐదు గంటల పని. నాలుగు దినాల పదునులో ఒక్క గొర్రు 45 ఎకరాల పైనే విత్తుతాది. 7 ఎకరాల కోసం కొనొద్దు. పక్క రైతులను కలుపుకొని 30, 40 ఎకరాలు చేయండి. వానకు ముందే వంతుల చీటీ రాసుకోండి, వాన పడినాక ఎవరి మాట ఎవరూ వినరు.

హెబ్బాళ_మడక

అన్నా, గొర్రుతో విత్తితే సాళ్లలో ఖాళీలు పడుతున్నాయని ఊళ్లో అంటున్నారు. విత్తనం కూడా ఎక్కువ పడుతోందట.

అనంత_గొర్రు

కొలిచి సరిచేయకుండా పొలంలోకి దించితే అట్లే అవుతాది. ఇంటి కాడే చేసుకునే పని ఇది.

గొర్రు చక్రం నేలకు తగలకుండా పైకి లేపండి. చక్రం అడ్డకొలత 40 సెంటీమీటర్లయితే ఒక చుట్టు 1.257 మీటర్లు. చేత్తో 20 చుట్లు తిప్పితే 25.1 మీటర్లు. వెడల్పు 2.4తో గుణిస్తే 60 చదరపు మీటర్లు. ఎకరాకు 60 కిలోల గింజ కావాలంటే ఆ 20 చుట్లకు సుమారు 890 గ్రాములు రాలాల, అంటే ఒక్కో గొట్టం కింద 110 గ్రాములు. ప్రతి గొట్టానికీ ఒక సంచి కట్టి విడివిడిగా తూకం వేయండి. ఒక గొట్టంలో 80, ఇంకో దాంట్లో 130 వస్తే మొత్తం సరిపోయినా పొలంలో సాళ్లు ఎగుడుదిగుడే. పొలంలో చక్రం కొంచెం జారుతాది, కాబట్టి ఇంటి కాడ 5 నుంచి 10 శాతం ఎక్కువే రాలేట్టు పెట్టుకోండి. మీ గొర్రు చక్రం కొలత వేరే అయితే లెక్క దానికి తగ్గట్టు మార్చుకోవాల.

ఖాళీలకు కారణాలు మూడు నాలుగు. మందు పట్టించిన విత్తనం తడిగా ఉంటే, డబ్బా అడుగున గింజలు వదిలే పళ్లెం గుంతల్లో అంటుకుంటాది. నీడలో బాగా ఆరబెట్టినాకే డబ్బాలో పోయండి. చిన్నా పెద్దా కలిసిన గింజ అయితే చిన్నవి రెండేసి పడతాయి, పెద్దవి పళ్లెంలో నలిగి పప్పు చీలుతాది; జల్లెడ పట్టి వేరుచేసుకోండి. కర్రు మొనలో తడిమన్ను దూరి గొట్టం మూసుకుంటాది, ముఖ్యంగా గొర్రు దించి ట్రాక్టరును వెనక్కు తోసినప్పుడు. దించినాక వెనక్కు పోనే పోకూడదు. ఇంకొకటి, వేగం. గంటకు 4 కిలోమీటర్లు దాటి తోలితే గుంతలు నిండకుండానే పళ్లెం తిరిగిపోతాది. బాడుగ ఎకరాల లెక్కన కాబట్టి డ్రైవరు తొందర పడతాడు. మొదటి సాలు విత్తగానే ఒక మీటరు గీకి చూడండి. 10, 11 గింజలు, 5 సెంటీమీటర్ల లోతులో ఉండాల.

కంది కోసం చివరి డబ్బా వాడొద్దు. ట్రాక్టరు తిరిగి వచ్చేటప్పుడు రెండు కంది సాళ్లు పక్కపక్కన పడి, తర్వాత 14 సాళ్లు కంది ఉండదు. నాలుగో డబ్బాలోనో ఐదో డబ్బాలోనో పోస్తే ఒకసారి 6, ఒకసారి 8 చొప్పున, సగటున 7 వేరుశనగ సాళ్లకు 1 కంది సాలు వస్తాది.

పట్టుగూడు_శిడ్లఘట్ట

మల్బరీ గురించి ఒక ముఖ్యమైన మాట. జంట సాళ్ల ఎడం (90+150) × 60 సెంటీమీటర్లు ఉన్న తోటలోనే వీడర్ ఖర్చు తిరిగి వస్తుంది. పాత పద్ధతిలో 90 × 90 ఉంటే మొదటి పాటుకు పర్వాలేదు గానీ, కొమ్మలు అడ్డంగా వాలాక చిగురు విరుగుతుంది. ఆకు పోతే పురుగు మేత పోతుంది. తోట ఏ ఎడంలో ఉందో అడిగి తెలుసుకోండి.

కొమ్మకోత అయిన వారంలోపే వీడర్ తిప్పాలి. 20 రోజులు దాటితే సందు మూసుకుపోతుంది.

డ్రిప్ పైపు ఉన్నచోట రెండు సాళ్ల మధ్య ఇరుకు సందులో, అంటే 90లో, పైపు వేసుకుని వీడర్‌ను 150 సందుకే పరిమితం చేసినవాళ్ల తోటలు బాగున్నాయి. ఇరుకు సందులో నీడ ఉంటుంది, కలుపు తక్కువే మొలుస్తుంది, అక్కడ కొడవలి చాలు. గంటలు కూడా ఎకరాకు 3.6 నుంచి 2.4కు దిగుతాయి. (లెక్కలపుస్తకం గారు బాడుగ లెక్క దీంతో మళ్లీ వేయాలేమో.) 16 ఎంఎం పైపు ఒక్కసారి బ్లేడుకు చుట్టుకుందంటే నాలుగైదు మీటర్లు లాగేసుకుంటుంది, పక్కన ఉన్న జాయింట్లు కూడా ఊడతాయి.

లెక్కలపుస్తకం

వేశాను. మల్బరీకి 30 గంటలు, టమాటతో కలిపి 44. రాయితీ వచ్చినా అంచున ఉంది, రాకపోతే బాడుగే. కొనాలంటే పొరుగువాళ్ల మల్బరీ కలుపుకోవాల్సిందే.

కలాసిపాళ్యం_మెకానిక్

ఏది కొన్నా సరే, కింద రాసినవి చేయకపోతే 8 ఏళ్లు అనుకున్న యంత్రం రెండేళ్లకే షెడ్డులో పడుతుంది. రిపేరుకు వచ్చే వీడర్లలో ఎక్కువ భాగం ఈ నాలుగైదు కారణాలవే.

ఆయిల్. 160 సీసీ తరగతి ఇంజనులో పట్టేది 0.6 లీటరు మాత్రమే. అంత తక్కువ ఆయిల్ కాబట్టి త్వరగా చెడుతుంది. కొత్త ఇంజను మొదటి 20 గంటలకు మార్చాలి, ఎందుకంటే కొత్త భాగాల రాపిడిలో వచ్చిన సన్న ఇనుప పొడి అందులోనే తిరుగుతుంది. తర్వాత 100 గంటలకు ఒకసారి, లేదా ఆరు నెలలకు. 10డబ్ల్యూ-30 వాడండి. కొన్ని ఇంజన్లలో ఆయిల్ తగ్గితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఏటవాలు పొలంలో ఇంజను మాటిమాటికీ ఆగుతుంటే ప్లగ్గు మార్చేముందు సమతలంలో నిలబెట్టి ఆయిల్ చూడండి. ఆ వైరు పీకేసి నడిపించే పని ఎవరు చెప్పినా చేయొద్దు. కనెక్టింగ్ రాడ్డు పట్టేస్తే ఇంజను సగం ఖరీదు అవుతుంది.

గాలి ఫిల్టరు. పుస్తకంలో 50 గంటలకు అని ఉంటుంది. ఎర్రమట్టి దుమ్ములో ప్రతి రోజూ పని అయ్యాక విప్పాలి. స్పాంజిని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, కొద్దిగా ఇంజను ఆయిల్ పట్టించి పిండేసి పెట్టాలి. కాగితం ఫిల్టరును కడగకూడదు, లోపలి నుంచి బయటికి గాలి కొట్టాలి. ఫిల్టరు లేకుండా ఒక్క సీజను నడిపితే రింగులు అరిగి నీలం పొగ వస్తుంది.

పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది. రెండు మూడు నెలలు కార్బురేటర్‌లో నిల్వ ఉంటే అడుగున నీరు చేరి, జెట్ మూసుకుని, లోపల తెల్లగా పొడి కడుతుంది. సీజను అయిపోగానే ట్యాంకు కుళాయి మూసి, ఇంజను తనంతట ఆగేదాకా నడిపి, కార్బురేటర్ గిన్నె అడుగు బోల్టు విప్పి మిగిలింది కూడా వదిలేయండి. ట్యాంకు కూడా ఖాళీ. ఐదు నిమిషాల పని. ‘స్టార్ట్ కావడం లేదు’ అని జూన్ నెలలో వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి ఇదే రోగం.

ఆయిల్ సీలు. బ్లేడు ఇరుసుకు గడ్డి, తాడు, టమాట మల్చింగ్ షీటు చుట్టుకుని సీలు కిందికి దూరుతుంది. సీలు తెగితే గేర్ ఆయిల్ కారుతుంది, ఆ దారినే మట్టి లోపలికి పోతుంది, తర్వాత గేర్లు అరుగుతాయి. వంద రూపాయల లోపు సీలు మార్చకపోతే వేలల్లో గేర్‌బాక్సు. ప్రతి గంటకూ ఇంజను ఆపి, ప్లగ్గు వైరు పీకి, ఇరుసు చుట్టూ శుభ్రం చేయండి. ఇరుసు దగ్గర నేల మీద తడి మచ్చ కనిపించిన రోజే సీలు వేయించండి.

బ్లేడ్లు. కుడి, ఎడమ వేరు వేరు. పదును ఉన్న అంచు తిరిగే దిక్కుకు ముందు ఉండాలి. తారుమారుగా బిగిస్తే వెనక వీపు నేలను కొడుతుంది, యంత్రం గంతులేస్తుంది, లోతు దిగదు. అప్పుడు ఇంజనులో బలం లేదనుకుని మెకానిక్ దగ్గరికి తెస్తారు. కొత్త యంత్రం పెట్టె విప్పి బిగించేటప్పుడే ఈ పొరపాటు ఎక్కువ. బ్లేడు బోల్టులు మొదటి గంట తర్వాత మళ్లీ బిగించాలి.

కొనేముందు దుకాణంలో అడగాల్సింది ఒక్కటే: ఆయిల్ సీలు, రీకాయిల్ తాడు (లాగి స్టార్ట్ చేసేది), క్లచ్ కేబుల్, కార్బురేటర్ ఈ నాలుగూ ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయా, చూపించండి. ‘తెప్పిస్తాం’ అంటే ఇంకో బ్రాండు చూడండి.

ఏజీ_ఇంజనీరు

మెకానిక్ గారి చివరి మాటకు తోడు: పరీక్ష నివేదిక అడగండి. మన దగ్గరే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది, బెంగళూరు–హైదరాబాద్ దారిలోనే. నివేదికలో గంటకు పట్టే ఇంధనం, బ్లేడ్ల గట్టిదనం, చేతికి తగిలే కంపనం, పరీక్షలో విరిగిన భాగాలు అన్నీ రాసి ఉంటాయి. దుకాణం కరపత్రం కన్నా అది పది రెట్లు నమ్మదగింది. అదే సంస్థలో యంత్రాలు నడిపే శిక్షణ కూడా ఇస్తారు. మీ ఆరు కుటుంబాల్లోంచి ఇద్దరిని పంపండి. ఇద్దరే ఎందుకంటే ఒకరికి జ్వరం వస్తే యంత్రం ఆగకూడదు.

కలుపు పనిలో ఉన్నది ఎక్కువగా ఆడవాళ్లు. 70, 80 కిలోల వీడర్ తెచ్చి మలుపులో ఎత్తి తిప్పమంటే ఆ పని మగవాళ్ల చేతికి పోతుంది, ఆడవాళ్ల కూలి పోతుంది, 30 సెంటీమీటర్ల సాళ్లలో కలుపు మాత్రం అట్లాగే ఉంటుంది. అందుకే వేరుశనగ, రాగి సాళ్లకు చక్రపు గొర్రు, సైకిల్ వీడర్ అంటారే, అది తీసుకోండి. 15 నుంచి 20 సెంటీమీటర్ల బ్లేడు, మొక్కకు అటూ ఇటూ 5 సెంటీమీటర్లు వదలాలి. ఎకరంలో 30 సెంటీమీటర్ల సాళ్లు 13 కిలోమీటర్ల పైనే, కాబట్టి ఒక మనిషికి ఒకటిన్నర రోజు. వంగి కూర్చుని తీసేదానికన్నా నడుముకు ఎంతో సుఖం. పిడి ఎత్తు నడుముకూ మోచేతికీ మధ్య ఉండేలా బోల్టు మార్చుకోవాలి. నడిపేది ఎవరో వాళ్ల కొలతకే. వేరుశనగలో 45 రోజులు దాటి ఊడలు దిగడం మొదలయ్యాక ఏ పనిముట్టుతోనూ నేలను కదిలించకూడదు.

ఇక ప్రమాదాలు. వీడర్ దెబ్బలు ఎక్కువగా తగిలేది వెనక్కు తీసేటప్పుడు. గట్టు దగ్గర చోటు చాలక బ్లేడు తిరుగుతుండగానే రివర్స్ వేస్తారు, కాలు కిందకి పోతుంది. రివర్స్ వేస్తే బ్లేడు ఆగే ఏర్పాటు ఉన్న మోడల్ మాత్రమే కొనండి. చీర కొంగు, తుండు, చెప్పులు వద్దు. మూసిన బూట్లు వేసుకోవాలి.

దేవనహళ్లి_ద్రాక్ష

పవర్ టిల్లర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. 13 హెచ్‌పీ టిల్లర్ ఉంటే దుక్కి, ట్రాలీ, నీళ్ల పంపు అన్నీ అవుతాయి కదా?

తూర్పుగాలి

అవుతాయి, కానీ మెట్టలో కాదు. టిల్లర్ దున్నే వెడల్పు 60 సెంటీమీటర్లు. ఎకరం ఒక పాటుకు మనిషి దాని వెనక దాదాపు 7 కిలోమీటర్లు నడవాలి. మాగాణి మడిలో, మెత్తటి బురదలో అది సులువు. ఎండిన ఎర్రనేలలో, రాళ్లలో, చేతులకు దడ తట్టుకుని నడవడం కష్టం. ట్రాక్టరు రోటవేటర్ గంటంబావులో ఎకరం చేస్తుంది, బాడుగకు ఊళ్లోనే దొరుకుతుంది.

బంగ్లాదేశ్‌లో రెండు చక్రాల టిల్లర్లు ఇంటింటికీ ఎలా చేరాయో చూస్తే ఇది అర్థమవుతుంది. 1988 వరదల్లో పశువులు పెద్దసంఖ్యలో పోయాయి. దున్నడానికి ఎద్దులు లేక ప్రభుత్వం యంత్రాల దిగుమతి నిబంధనలు సడలించింది, చైనా నుంచి చవక టిల్లర్లు వచ్చాయి. కొన్నవాళ్లు తమ పొలానికే కాదు, ఊరంతటికీ బాడుగకు దున్నారు. నేలంతా చదును, మడులు చిన్నవి, విడిభాగాలు బజార్లో దొరికేవి, పాడైతే బాగుచేసేవాడు పక్క వీధిలో ఉండేవాడు. అంతకుముందు ఆఫ్రికాలో చాలా దేశాల్లో ప్రభుత్వాలే ట్రాక్టర్ల బాడుగ కేంద్రాలు నడిపాయి. విడిభాగాలు లేక, డ్రైవరుకు పని ఎక్కువైనా తక్కువైనా ఒకే జీతం కాబట్టి బండ్లు ఆగిపోయాయి. మన హోబళి కేంద్రాలకూ ఈ రెండో పాఠం వర్తిస్తుంది: తోలేవాడికి ఎకరానికి ఇంత అని వాటా ఉన్నచోట యంత్రం తిరుగుతుంది.

టిల్లర్ ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఏటవాలు దిగేటప్పుడు స్టీరింగ్ క్లచ్ తిరగబడుతుంది. ఎడమది నొక్కితే కుడికి తిరుగుతుంది. ఎందుకంటే దిగుడులో ఇంజను బండిని లాగదు, ఆపుతుంది; క్లచ్ వదిలిన చక్రం ఆ పట్టు లేక ముందుకు పరుగెడుతుంది. ట్రాలీ కట్టుకుని చెరువు కట్ట దిగేటప్పుడు బండి బోల్తా పడేది ఇట్లాగే. దిగుడులో క్లచ్ ముట్టకుండా, చిన్న గేరులో, పిడిని చేతులతోనే మళ్లించాలి.

పులికాట్_వరి

చెన్నై నుంచి. గొర్రు గురించి అన్న చెప్పిన సూత్రం మా పొన్నేరి, సూళ్లూరుపేట వైపు వరి నాటు యంత్రానికి అతకదు. ఇక్కడ నీటి వదులు కాలువల వారీగా ఉంటుంది, నాట్లు వారాల తరబడి సాగుతాయి, కాబట్టి బాడుగ యంత్రం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోగలదు. తమిళనాడులో వ్యవసాయ ఇంజనీరింగ్ శాఖ ఉళవన్ యాప్ ద్వారా యంత్రాలు బాడుగకు ఇస్తోంది. కొనాల్సిన అవసరం తక్కువ, నేర్చుకోవాల్సింది నారు పోయడం. చాప నారు 58 × 28 సెంటీమీటర్ల ట్రేలో, 2 సెంటీమీటర్ల మందం జల్లెడ పట్టిన మట్టి మీద పోయాలి. 14 నుంచి 18 రోజుల వయసులో నాటాలి; ముదిరితే వేళ్లు పెనవేసుకుని యంత్రపు గోరు చింపలేదు. దమ్ము చేసిన వెంటనే నాటితే మొక్క తేలిపోతుంది. ఒకటి రెండు రోజులు బురద పేరుకోనిచ్చి, నీళ్లు 1, 2 సెంటీమీటర్లకు దించి అప్పుడు యంత్రం దించాలి. కాలు మోకాలి దాకా దిగబడే మడిలో యంత్రం పెట్టొద్దు.

యలహంక_రాగిముద్ద

రాగి సంగతి నేను చెప్తా. ఎవరైనా కంబైన్ హార్వెస్టర్ అంటే ఆలోచించి ఒప్పుకోండి, ఎందుకంటే మీ అందరికీ ఆవులున్నాయి. కంబైన్ పైపైన కోసి గడ్డిని నలిపి చల్లేస్తుంది. వామి వేయడానికి మిగలదు. మూడు ఎకరాల రాగి గడ్డి పోతే వేసవిలో కొనాల్సి వస్తుంది, ఆ ఖర్చు కోత కూలిలో మిగిలిన దుడ్లను మింగేస్తుంది. చేత్తో కోసి, కంకులు విడిగా ఆరబెట్టి, నూర్పిడి యంత్రం మాత్రం బాడుగకు తెచ్చుకోండి. నూర్పిడికి తొందర లేదు, వామిలో ఉన్నది వారం ఆగినా చెడదు. అందుకే ఇది సొంతంగా కొనాల్సిన పనిముట్టు కాదు.

గింజకు పొట్టు అంటుకుని వస్తుంటే డ్రమ్ము వేగం పెంచకండి, కంకులు ఇంకా ఆరలేదని అర్థం, మళ్లీ ఎండేయండి. బాగా ఎండినా గింజ నలుగుతుంటే వేగం తగ్గించి, డ్రమ్ముకూ జల్లెడకూ మధ్య ఎడం పెంచండి. పొట్టుతోపాటు గింజ ఎగిరిపోతుంటే ఫ్యాను గాలి తలుపు కొంచెం మూయండి. కంకులు అందించే తొట్టి కనీసం 90 సెంటీమీటర్ల పొడవు, అందులో డ్రమ్ము వైపు 45 సెంటీమీటర్లు మూతతో ఉందో లేదో టేపుతో కొలవండి. పొట్టి తొట్టి ఉన్న యంత్రం తక్కువ బాడుగకు వచ్చినా ఇంటికి రానివ్వకండి, చేతులు పోయేది వాటి దగ్గరే.

తారురోడ్డు మీద పరచి బండ్లతో తొక్కించడం మానేయండి. రాళ్లు, నూనె మరకలు గింజలో చేరతాయి, బైకు మీద వచ్చేవాళ్లు జారిపడతారు.

హెబ్బాళ_మడక

అందరికీ నమస్కారం. ఊళ్లో మాట్లాడాను. తోట జంట సాళ్లదే, డ్రిప్ పైపు ఇరుకు సందులో ఉంది. పక్కన రెండు ఎకరాల మల్బరీ వాళ్లు గంట లెక్కన ఒప్పుకున్నారు. గొర్రు కోసం ఇంకో 25 ఎకరాల వాళ్లు కలుస్తామన్నారు. అంటే గొర్రు, ఒక వీడర్, నాలుగు సైకిల్ వీడర్లు. దుక్కి, నూర్పిడి బాడుగకు. ఉమ్మడి యంత్రానికి కాగితం మీద ఏమేం రాసుకోవాలి?

లెక్కలపుస్తకం

వీడర్‌కు గంటల మీటరు బిగించండి, మాట తేడా రాదు. తేదీ, ఎవరి పొలం, మొదలు గంట, ముగింపు గంట, పోసిన పెట్రోలు ఒక నోటు పుస్తకంలో, తోలినవాడి సంతకంతో. సభ్యులకు గంట ధర ఇంధనం, కూలి, వాటితోపాటు నిధికి కనీసం 100. ఉచితం అని రాయొద్దు. బయటివాళ్లకు ఊరి బాడుగ. పాత లెక్కలో రాయితీ లేకపోతే ఏడాదికి 76 గంటలు నడిచి, గంటకు 180 మిగిలితేనే స్థిర ఖర్చు తీరుతుంది, కాబట్టి నిధి డబ్బు వేరే ఖాతాలో ఉంచి రిపేరుకు, 8 ఏళ్ల తర్వాత కొత్తదానికి తప్ప తీయకూడదు. ఒక సభ్యుడు బయటికి పోతే అతని వాటా ఎట్లా లెక్కించాలో ఇప్పుడే రాయండి: కొన్న ధరలోంచి ఏటా 6,750 (సగం రాయితీ వస్తే 3,000) తగ్గించి, మిగిలినదాంట్లో అతని వంతు.

అనంత_గొర్రు

గొర్రుకు ఇంకో రెండు రాసుకోండి. వంతు ఒక ఏడు కింది పొలం నుంచి పైకి, మరుసటేడు పై పొలం నుంచి కిందికి తిరగాల. ప్రతి ఏడూ ఒకరే మొదట విత్తితే మిగతావాళ్లు మూడో ఏటికి విడిపోతారు. విత్తడం అయినాక డబ్బాలు, పళ్లేలు విప్పి మందు పొడి పోయేదాకా కడిగి, ఆరబెట్టి, గొలుసుకు ఆయిల్ పూసి, మూతపెట్టే మనిషి పేరు రాయండి. ఎరువు డబ్బా కూడా ఉంటే అదే రోజు కడగాల, డీఏపీ తేమ పట్టి ఒక్క వానాకాలంలోనే రేకును తినేస్తాది.

కలాసిపాళ్యం_మెకానిక్

కొన్న రోజే ఆయిల్ సీళ్లు రెండు, ప్లగ్గు ఒకటి, క్లచ్ కేబుల్ ఒకటి, రీకాయిల్ తాడు రెండు మీటర్లు, బ్లేడు బోల్టులు ఒక డజను తీసుకుని ఊరికి పంపండి. మెకానిక్‌కు ఫోను చేసేముందు ఆయిల్, ఫిల్టరు, ప్లగ్గు ఈ వరుసలో చూడమని తోలేవాళ్లకు చెప్పండి. ప్లగ్గు సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు.